దేశానికో ముద్ద

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను. ఇందులో సప్తసముద్రాలున్నాయి, నానా దేశాలున్నాయి, మాచర్ల నుంచి వచ్చిన ఒక దండయాత్ర ఉంది, నిండు సభ ఉంది, అగ్నిపరీక్ష ఉంది, చివర్లో ఒక త్యాగం కూడా ఉంది. కోడిపుంజుల మీద పందెం కాసి యుద్ధం దాకా వెళ్ళిన సీమ మాది. ఆ మాత్రం లేకుండా ఎట్లా రాస్తాను. పద్దెనిమిది పర్వాలకు సరిపడా తెల్లకాగితాలు కూడా కొన్నాను.

కొన్నాక తెలిసిందేమిటంటే, ఇది నరసరావుపేటలో మా వీధి పిల్లలకు అన్నం తినిపించిన ఒక ముసలావిడ గురించి. సముద్రం ఆవిడ ఒక్కటి కూడా చూడలేదు. నిండు సభ మా ఎదురింటి అరుగు మీద జరిగింది. అగ్ని కుంపట్లో ఉంది. మిగిలిన కాగితాల మీద మా చెల్లెలు లెక్కలు చేసుకుంటోంది.

పోయిన వారం మాచర్ల వెళుతుంటే బస్సు కారంపూడిలో ఆగింది. ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో పిల్లాణ్ణి అదిమి పట్టుకుని ఇడ్లీ తినిపిస్తోంది. వాడు పళ్ళు బిగించాడు. ఆవిడ ఇడ్లీ ముక్క వాడి మూతి దగ్గర పెట్టి, "ఇది రష్యావోడికి" అంది. వాడు నోరు తెరిచాడు. "ఇది జపానోడికి" అంది. మళ్ళీ తెరిచాడు.

నేను ముందుకు వంగి అడిగాను. "అక్కా, మీకీ రష్యా ఎక్కడ దొరికింది?"

"ఏమో తమ్ముడూ. మా అత్త ఇట్టానే పెట్టుద్ది."

"ఆమెకెవరు చెప్పారు?"

"పిల్లోడు తినేదాకా ఊరుకుంటావా కాస్త."

ఊరుకున్నాను. మా వీధి పెద్దమ్మ పోయి అప్పటికి సంవత్సరమైంది. పోయినప్పుడు నాకు డిగ్రీ పరీక్షలు. ఏడుపు రాలేదు. కారంపూడిలో ఇడ్లీ ముక్క చూస్తే వచ్చింది. పక్క సీటాయన చట్నీలో కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళు ఇచ్చాడు. నేను చట్నీ తినలేదన్న సంగతి ఆయన గమనించలేదు.

పెద్దమ్మ అసలు పేరు నాకు తెలీదు. రేషన్ కార్డులో ఉండే ఉంటుంది. వీధంతా పెద్దమ్మ అనేది, మేమూ అనేవాళ్ళం. శావల్యాపురం వైపు నుంచి వచ్చిందని కొందరు, కాదని కొందరు. ఆవిడ్నే అడిగితే, "యాడనుంచొస్తే ఏందిరా, వచ్చాగా" అనేది. ఆవిడ జీవితచరిత్ర అంతే. మనిషి ఎండిన మునక్కాయలా ఉండేది. ఎప్పుడు తింటుందో ఎవరూ చూడలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎవరో ఒక తల్లి గడపలోంచి కేకేసేది. "పెద్దమ్మా, వీడు నోరు తెరవట్లేదు, ఒక్కసారి రా." ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని వచ్చేది. వచ్చి ముందు ముద్దలు కలిపేది కాదు. పిల్లాడి బుగ్గని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చీర నాణ్యం చూసే బేరగాడిలా నలిపి చూసేది.

"నోరు మూసిన పిల్లోడు తాళమేసిన కొట్టు లాంటోడే. పగలగొట్టకూడదు. తాళంచెవి వాడి దగ్గరే ఉంటది, వాడే ఇయ్యాలి" అని తల్లికి చెప్పేది.

ఉసిరికాయంత ముద్ద చేసేది. పిల్లాడి నోటి దాకా తెచ్చి, తన నోరు బార్లా తెరిచేది. పిల్లాడూ తెరిచేవాడు. ముద్ద వాడి నోట్లోకి పోయేది, ఆవిడ నోరు ఖాళీగా మూసుకునేది. రోజుకి ఎన్ని ముద్దలు పెట్టేదో అన్నిసార్లు తెరిచేది. ఊళ్ళో అంత నోరు తెరిచి అంత తక్కువ తిన్న మనిషి ఇంకొకరు ఉండరు. దీనికి ఆవిడ ఏమీ పుచ్చుకోలేదు. ఎవరన్నా తమలపాకులిస్తే తీసుకునేది. ఆవిడకున్న ఆస్తి ఒక్కటే, పెద్దమ్మ పెడితే తినని పిల్లాడు లేడన్న పేరు.

దేశాలు తర్వాత వచ్చాయి. దానికి మా తమ్ముడు కారణం. అందరిళ్ళలో ఈ ముద్ద కాకికి, ఈ ముద్ద కుక్కకి, ఈ ముద్ద మేనమామకి అని పెడతారు. మా తమ్ముడు మూడేళ్ళ వయసులో, "అయితే కాకినే తినమను" అన్నాడు. పెద్దమ్మ జీవితంలో అలాంటి వాదన వినలేదు. పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూసింది. గూట్లో నా పుస్తకాలున్నాయి. అప్పట్లో మా నాన్న రష్యా నుంచి వచ్చే రంగుల పత్రిక తెప్పించేవాడు. చదవడానికి కాదు, కాగితం మందంగా ఉంటుందని, మా పుస్తకాలకు అట్టలు వేయడానికి. నా లెక్కల పుస్తకం మీద ఎర్రటి బుగ్గలతో బొచ్చు టోపీ పెట్టుకున్న పిల్లాడు ఒకడు నవ్వుతున్నాడు.

"ఒరేయ్, ఈ రష్యావోడికి ఆకలేస్తందంట. అంత దూరం నుంచి రాలేడు గదా పాపం. వాడి బదులు నువ్వు తిను" అంది పెద్దమ్మ.

మా తమ్ముడు తిన్నాడు. కాకి కళ్ళముందే ఉంది కాబట్టి దాని బదులు తినడంలో అర్థం లేదు. రష్యావాడు నిజంగానే రాలేడు. మా తమ్ముడికి ఇందులో న్యాయం కనపడింది.

అక్కడి నుంచి ప్రపంచం విస్తరించింది. పాలపిండి డబ్బా మీద పిల్లాడు ఇంగ్లండయ్యాడు. పత్తి కొట్టు క్యాలెండర్ మీద గొడుగు పట్టుకున్న పిల్ల జపానయింది. మా వీధి పిల్లలు సకల దేశాల తరఫునా తిని, సొంత దేశం తరఫున లావయ్యారు. బళ్ళో మాస్టారు రష్యాలో ముఖ్యమైన పంట ఏదిరా అని అడిగితే, మా తమ్ముడు తడుముకోకుండా పప్పన్నం అని చెప్పాడు. దానికి పడ్డ బెత్తం దెబ్బ వాడు ఇంకా మర్చిపోలేదు.

ఏ దేశం పిల్లాడు ఎందుకు ఎట్లా ఉంటాడో పెద్దమ్మకు పూర్తిగా తెలుసు. ఎట్లా తెలుసని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"రష్యావోడికి చలి. వాడు వెన్న తింటే గాని నిలబళ్ళేడు. జపానోళ్ళు చేపలు తింటారు. ముల్లు తీసుకునేసరికి ఆకలి చచ్చిపోద్ది, ఇంకెక్కడ లావవుతారు. అమెరికావోడు నడుస్తా తింటాడంట. తిన్నదంతా కాళ్ళలోకి దిగిపోద్ది. అందుకే పొడుగు."

ఒక్క చోటి పేరు మీద మాత్రం ఆవిడ ముద్ద పెట్టలేదు. ఒకరోజు పేపర్లో ఆఫ్రికా పిల్లల ఫొటో పడింది. కరువు. పొట్టలు తప్ప ఇంకేమీ లేని పిల్లలు. పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసింది. నేను హుషారుగా, "కొత్త దేశం దొరికింది పెద్దమ్మా" అన్నాను.

"ఆకలితో ఉన్నోడి పేరు చెప్పి నిండిన కడుపులో పెట్టకూడదురా" అంది.

నేనేదో గొప్ప మాట విన్నానని నిలబడిపోయాను. ఆవిడ ఆ పేపరే చింపి అందులో వేయించిన వేరుశెనగ గింజలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నిజమైన విదేశం వచ్చి మా ఎదురింట్లో దిగింది. మాచర్ల సాయిబుగారబ్బాయి ఒకాయన కువైట్‌లో ఏసీ మెకానిక్. ఆయన భార్యా, ఆరేళ్ళ కొడుకూ ఏడాదిపాటు ఆ ఇంట్లో అద్దెకుండటానికి వచ్చారు. ఆమెని మేము వాళ్ళ మాటలోనే, అక్కకి బదులు ఆపా అనేవాళ్ళం. పిల్లాడికి మంచి పేరే ఉండేది గాని మొదటి రోజే మా వీధి దాన్ని రద్దు చేసి కువైట్ అని పెట్టింది.

కువైట్ అంత గుండ్రటి పిల్లాణ్ణి మేమెవరమూ చూసి ఎరగం. మెడ అనే భాగం అవసరం లేదనుకుని దేవుడు వదిలేసినట్టుండేవాడు. కువైట్‌లో మంచినీళ్ళ బదులు డబ్బాల్లో తియ్యనీళ్ళు తాగుతారట. బయట ఎండ, ఇంట్లో ఏసీ, మధ్యలో బిస్కెట్లు. రిక్షా దిగి మా ఎదురింటి మూడు మెట్లు ఎక్కి వాడు కూర్చున్నాడు. మళ్ళీ లేవడానికి అన్నం వేళయింది.

వీధిలో ఆడవాళ్ళంతా చూడ్డానికి వచ్చారు. కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. చూసి, ఒకరి తర్వాత ఒకరు ఒకే మాట అన్నారు.

"పిల్లోడు చిక్కిపోయాడమ్మా."

"ప్రయాణం గదా, బాగా చిక్కాడు."

మా వైపు ఇది మర్యాద. బొద్దుగా ఉన్న పిల్లాణ్ణి బొద్దుగా ఉన్నాడంటే దిష్టి తగులుతుంది. కాబట్టి ఎంత లావుంటే అంత చిక్కిపోయాడనాలి. ఆ లెక్కన కువైట్‌ని చూసి ఒకావిడ, "అసలు ఉన్నాడా" అని కూడా అన్నది. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, ఇక్కడికి రాకముందు వాళ్ళు మాచర్లలో వాడి నానమ్మ దగ్గర నెలరోజులుండి వచ్చారు. అక్కడ ఊరు ఊరంతా ఇదే మర్యాద పాటించింది. నానమ్మ దాన్ని నిజమనుకుంది. మనవడు చిక్కిపోయాడని దిగులుపడి, కనపడినప్పుడల్లా లడ్డూ పెట్టింది.

పెద్దమ్మ ఒక్కతే ఆ మాట అనలేదు. వాడి బుగ్గ పట్టుకుని నలిపింది. వేలు తీశాక గుంట నిదానంగా పూడింది.

"ఇది అన్నం లావు కాదే" అంది.

బళ్ళో వేశారు. బడి మెట్లెక్కేసరికి వాడికి ఎగశ్వాస వచ్చింది. ఆపా వాణ్ణి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది, టానిక్ రాయించుకోవడానికి. డాక్టరమ్మ వాణ్ణి తూకం మిషను మీద నిలబెట్టి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, నిండా మనుషులున్న గదిలో గట్టిగా, "బాబు బాగా లావున్నాడమ్మా. బయటి దేశాల్లో దీన్ని జబ్బు కిందే చూస్తున్నారు. ఇట్లాగే పెరిగితే మోకాళ్ళూ ఊపిరీ రెండూ పాడవుతాయి. తీపీ నెయ్యీ మానిపించు, అన్నం తగ్గించు, పరిగెత్తించు" అంది.

ఆపా ఏడుస్తూ ఇంటికొచ్చింది. నరసరావుపేటలో డాక్టరు దగ్గరికెళ్ళి టానిక్ లేకుండా తిరిగొచ్చిన మొదటి మనిషి ఆమే. పైగా డాక్టరమ్మ అంతమంది ముందు లావు అనేసింది. ముందు ఆ దిష్టి తీసింది. తీశాక కూడా ఊపిరి అట్లాగే ఉంది.

అప్పుడు పెద్దమ్మని పిలిచింది. "పెద్దమ్మా, వీడికి తిండి తగ్గించాలంట. నా మాట వినడు. కంచం తీస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. నువ్వే ఏదన్నా చెయ్యి."

పెద్దమ్మ తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చుంది. "ఇన్నాళ్ళూ నోళ్ళు తెరిపించానే అమ్మాయ్. మూయించడం నాకు రాదే" అంది.

ఒప్పుకోదనుకున్నాం. పెద్దమ్మ పెట్టగా చిక్కిపోయిన పిల్లాడు ఒక్కడున్నా ఆవిడ పేరు ఏమవుతుందో ఆవిడకి తెలుసు. కానీ మర్నాడు మధ్యాహ్నం కువైట్ ముందు కంచం పట్టుకుని కూర్చుంది. మొదటి ముద్ద చేసింది.

"ఇది రష్యావోడికి" అంది.

కువైట్ నోరు తెరిచాడు.

"నువ్వు కాదురా. రష్యావోడికి. అడుగో, కుళాయి దగ్గర నిలబడ్డాడు. ఆకలితో ఉన్నాడు. పో, పెట్టి రా."

వీధి చివర కుళాయి దగ్గర మా తమ్ముడు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ పొద్దున్నే వీధి పిల్లలందర్నీ పిలిచి దేశాలు పంచిందట. అరటిపళ్ళ బండాయన కూతురు జపాను, ఆ పిల్ల మెకానిక్ షెడ్డు దగ్గర. శెట్టిగారి కొట్టు ముందు శెట్టిగారబ్బాయి ఇంగ్లండ్. అమెరికా అవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, నడుస్తూ తినాలి కాబట్టి. చివరికి ఒకణ్ణి బలవంతంగా పెట్టారు. వాడు వీధంతా తిరుగుతూ ఉండేవాడు. కువైట్ ముద్ద పట్టుకుని వాడి వెంట పడాల్సి వచ్చేది.

మొదటి రోజు రష్యా ముద్ద దారిలోనే మాయమైంది. పెద్దమ్మ కోప్పడలేదు. "రష్యావోడు ఏడుస్తన్నాడు చూడు" అంది. మా తమ్ముడు వెంటనే ఏడ్చాడు. వాడికి ఆ విద్య పుట్టుకతో వచ్చింది. కువైట్ బిత్తరపోయి వెనక్కొచ్చి ఇంకో ముద్ద పట్టుకెళ్ళాడు. అన్ని దేశాలూ తిరిగి వచ్చాక ఒక ముద్ద, "ఇది కువైట్‌వోడికి" అని వాడి నోట్లో పెట్టేది. ఆ ఒక్కటీ పెట్టేటప్పుడు మాత్రం ఆవిడ నోరు అన్నిటికంటే ఎక్కువ తెరుచుకునేది.

శెట్టిగారి భార్య మొదట్లో, "ఎవరింటి పప్పో ఏమిటో" అని గొణిగింది. కొడుకు బుగ్గలు చూశాక అడగడం మానేసింది. అట్లా నాలుగైదు నెలలు గడిచాయి. ప్రపంచ దేశాలన్నీ బొద్దుగా తయారయ్యాయి. కువైట్‌కి మెడ వచ్చింది. ఒకరోజు బడి మెట్లు ఎగశ్వాస లేకుండా ఎక్కి, పైనుంచి మమ్మల్ని వెక్కిరించాడు. ఆపా ఆ సాయంత్రం పెద్దమ్మకి తమలపాకుల కట్ట మొత్తం ఇచ్చింది.

అప్పుడు మాచర్ల నుంచి నానమ్మ వచ్చింది.

మధ్యాహ్నం బస్సు దిగి, చంకలో లడ్డూల డబ్బాతో నేరుగా అరుగెక్కింది. "ఏమే బహూ, నా మనవడేడీ?"

"అడుగో అత్తమ్మా, మీ ముందరే ఉన్నాడు."

నానమ్మ వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. "మిగతాదేదీ?" అంది.

ఆపా డాక్టరమ్మ సంగతి మొదలెట్టింది. నానమ్మ విననే లేదు.

"డాక్టరు తిండి తగ్గించమందా? యాడన్నా ఉందా ఇది, ఏ దేశంలో ఉంది? నా కొడుకు అక్కడ ఎండకి మాడతా ఊళ్ళోవాళ్ళకి ఏసీలు బాగుచేస్తంటే, నువ్విక్కడ వాడి పిల్లోడి నోరు కుట్టేశావా? రెంటచింతల ఎండలో వడియం ఆరేసినట్టు ఆరేశావు గదే. మా ఊళ్ళో ఉన్నప్పుడే అందరూ చిక్కిపోయాడు చిక్కిపోయాడంటుంటే నా ప్రాణం పోయింది. సంచి సర్దు. పిల్లోడు సాయంత్రం బస్సుకి నాతో మాచర్ల వస్తాడు. వాడి నాన్న వచ్చిందాకా నా దగ్గరే ఉంటాడు."

వీధంతా అరుగు చుట్టూ చేరింది. కువైట్ అరుగు స్తంభాన్ని వాటేసుకున్నాడు. ఇప్పుడు చేతులు ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి కాబట్టి గట్టిగానే పట్టుకున్నాడు. ఆపా ఒక చేత్తో కొడుకు చొక్కా పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. లడ్డూల డబ్బా అరుగు మీద ఉంది. మాచర్లలో అలాంటివి ఇంకెన్నున్నాయో అందరికీ తెలుసు.

పెద్దమ్మ లేచింది. "అమ్మా, నీ కోడలి తప్పేం లేదు. అది బానే పెట్టింది. నేనే రోజూ ఎదురుగా కూర్చుని చూస్తా ఉన్నా. నా కళ్ళు తగిలినై" అంది.

ఇది మామూలు మాట కాదు. పిల్లలకి అన్నం పెట్టే మనిషి తన కళ్ళు మంచివి కావని చెప్పుకోవడం, మంగలి తన చెయ్యి వణుకుతుందని చెప్పుకోవడం లాంటిది. పెద్దమ్మకున్న ఒక్క ఆస్తీ అక్కడితో చెల్లు. మా అమ్మ, "పెద్దమ్మా, ఏంది నువ్వనేది" అని కొంగు లాగింది. పెద్దమ్మ కొంగు విడిపించుకుంది.

నానమ్మ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "నజర్ తగిలిందో లేదో చూస్తే తెలుస్తది. కుంపటి తీయండి. మిరపకాయలేస్తా. ఘాటు రాకపోతే నజరే. ఘాటొచ్చిందా, నజర్ లేనట్టు. నజర్ లేదంటే వీడమ్మ తిండి పెట్టనట్టే. పిల్లోడు మాచర్లకే" అంది.

ఆవిడ నజర్ అంది, మేము దిష్టి అంటాం. మిరపకాయలు మాత్రం ఇద్దరికీ శెట్టిగారి కొట్టువే. శెట్టిగారి భార్యే తెచ్చింది, గుప్పెడు. గుంటూరు జిల్లా మిరపకాయ. కొత్త పంట. దాన్ని నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోవడమంటే ఎద్దు గుడ్డు పెట్టడమే. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నానమ్మ మనవడి చుట్టూ తిప్పి, కుంపట్లో వేసింది.

పొగ లేచింది. నా ముక్కులోకి ఒక సూది, గొంతులోకి ఒక సూది, మిగతావి కళ్ళలోకి దిగాయి. దగ్గు గొంతు దాకా వచ్చి నిలబడింది. దగ్గితే కువైట్ మాచర్ల పోతాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అనడానికి నోరు తెరిస్తే దగ్గు వచ్చేస్తుంది. మా అమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పెదాల మీద మాత్రం పెళ్ళి ఫొటోలో నవ్వు. అరటిపళ్ళ బండాయన మొహం బెండకాయ రంగుకి తిరిగింది. శెట్టిగారు ఏదో పని గుర్తొచ్చినట్టు నిదానంగా, హుందాగా నడుచుకుంటూ సందు మలుపు తిరిగాడు. తిరిగాక మెకానిక్ షెడ్డు వెనకాల లారీ స్టార్టు కానట్టు ఒక శబ్దం వచ్చింది. మా తమ్ముడు రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని, అంతర్జాతీయ బాధ్యతతో నేల మీద కూర్చున్నాడు. కువైట్ స్తంభానికి మొహం అదిమి పెట్టుకున్నాడు. వాడి వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

పెద్దమ్మ కుంపటికి అందరికంటే దగ్గరగా నిలబడింది. రెప్ప కూడా కొట్టలేదు.

నానమ్మ చుట్టూ చూసింది. ఆవిడ కళ్ళూ ఎర్రబడ్డాయి. ఆవిడ గొంతులోనూ దగ్గు కదులుతోంది, మాకు కనపడుతూనే ఉంది. కానీ ఇంతమంది మామూలుగా నిలబడి ఉంటే, పరాయి ఊరొచ్చి తనొక్కతే దగ్గితే ఏం బాగుంటుంది. మింగేసింది.

"ఘాటు లేదు" అంది, బొంగురు గొంతుతో. "నజరే."

ఆ ముక్క అయ్యీ అవగానే వీధి వీధంతా ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు పరిగెత్తారు. తలుపులు మూసుకుని ఎంతసేపు దగ్గారో చెప్పలేను. ఆ పూట ప్రతి గడపలోంచీ కుక్కలు పోట్లాడుకుంటున్న చప్పుడొచ్చింది.

నానమ్మ సాయంత్రం బస్సుకి ఒక్కతే వెళ్ళింది. వెళ్ళేముందు కోడలికి ఒకటే చెప్పింది. "తిండి ఎంత పెడతావో నీ ఇష్టం. ఆమె కళ్ళ ముందర మాత్రం పెట్టమాక."

ఇక్కడితో కావ్యం అయిపోయి, దేవతలు పూలు కురిపించాలి. మా వీధిలో ఏమైందంటే, దగ్గు ఆపుకున్నది మేమే, ఘాటుకి కళ్ళు వాచిందీ మాకే, అంతా నాటకమని తెలిసిందీ మాకే. అయినా రెండు నెలలు తిరిగేసరికి మేమే నమ్మడం మొదలెట్టాం. ముందు శెట్టిగారి భార్య కొడుక్కి లోపల గదిలో పెట్టింది. ఎందుకంటే, "నాకేం పట్టింపు లేదు, ఎందుకైనా మంచిదని" అంది. తర్వాత అరటిపళ్ళాయన భార్యకీ ఎందుకైనా మంచిదనిపించింది. చివరికి మా అమ్మకీ అనిపించింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు దగ్గు ఆపుకోలేదూ" అని అడిగాను.

"ఆపుకున్నాలే. అయినా కొంచెం ఘాటు తక్కువే ఉన్నట్టుందిరా" అంది.

పెద్దమ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. పలకరించారు, తమలపాకులిచ్చారు, పండగలకి పిలిచారు. పిల్లాడికి అన్నం వేళ మాత్రం పిలవలేదు. పిల్లలు చేతిలో జంతికో బెల్లం ముక్కో పట్టుకుని ఆవిడ అరుగు ముందునుంచి పోవాల్సి వస్తే చొక్కా కింద దాచుకునేవాళ్ళు. అది చూసి ఆవిడే, చేతిలో తిండి ఉన్న పిల్లాడు అల్లంత దూరంలో కనపడగానే, గోడ వైపు తిరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని.

ఒక సాయంత్రం నేను కావాలనే బజ్జీల పొట్లంతో వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ గోడ వైపు తిరిగింది.

"ఇటు తిరుగు పెద్దమ్మా. నాకు దిష్టి తగిలితే పరీక్ష తప్పాక ఆ సాకు చెప్పుకుంటా."

"నువ్వు చూస్తేనే చెట్లు ఎండిపోతయ్. నీకు దిష్టేందిరా" అంది గోడతోనే. మళ్ళీ తనే, "ఆ పిల్లోడు పరిగెత్తుతున్నాడంటగా" అంది.

"పరిగెత్తుతున్నాడు. నిన్న కుక్కని తరిమాడు."

"కుక్కే వాణ్ణి తరిమిందేమో."

"అదే అయ్యుండాలి. కుక్క ముందు లేదు."

"ఎవరు తరిమితే ఏంది. పరిగెత్తాడుగా."

బాధగా లేదా అని అడిగాను. "దవడలు నొప్పెట్టేయిరా ఇన్నేళ్ళూ. ఇప్పుడు చానా నయం" అంది.

సరేనని బజ్జీ కొరికాను. అప్పుడే పక్కింటి లోపలి గదిలోంచి, కిటికీ మూసి ఉన్నా, ఎవరో తల్లి గొంతు వినపడింది. "ఇది రష్యావోడికి." పెద్దమ్మ గోడ వైపే ఉంది. ఆవిడ నోరు నిదానంగా తెరుచుకుంది. "ఇది జపానోడికి." మూసుకున్న నోరు మళ్ళీ తెరుచుకుంది. లోపల ఆ పిల్లాడు ఎన్ని ముద్దలు తిన్నాడో, ఇక్కడ సున్నం కొట్టిన గోడ ముందు అన్నిసార్లూ. ఆవిడకి తెలుస్తున్నట్టు లేదు. నేను బజ్జీ పొట్లంలో పెట్టేశాను. లోపల పచ్చిమిరపకాయ తగిలింది.

ఆ వేసవికి కువైట్ వాళ్ళ నాన్న వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్ళిపోయాడు. వాడు రిక్షా ఎక్కేముందు పరిగెత్తుకుంటూ పెద్దమ్మ దగ్గరికెళ్ళి, జేబులోంచి బిస్కెట్ తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "ఇది ఇండియావోళ్ళకి" అన్నాడు. ఆవిడ చుట్టూ చూసింది, ఎవరన్నా చూస్తున్నారేమోనని. అందరం చూస్తున్నాం. తినింది. ఆవిడ తినగా చూడటం నాకు అదే మొదలు. నమలడం సరిగ్గా రాలేదు, పళ్ళు లేవు.

తర్వాత అయిదేళ్ళో ఎంతో బతికింది. పోయిన ఏడాది ఎండల్లో పోయింది. దేశాలు మాత్రం బస్సెక్కి కారంపూడి దాకా పోయాయి.

ఆవిడ అరుగు మీద ఇప్పుడు సైకిల్ పంక్చర్ల కొట్టు పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు తెరవరు. పంపు బయటే గొలుసుతో కట్టి ఉంటుంది గాని, వాల్వు పాతది. ట్యూబు మార్చుకోవాలంటే పొద్దున్నే ఇచ్చి సాయంత్రం తీసుకోవాలి.